నేమ్ సర్వర్ కొండలు

పక్క జిల్లాలో కొబ్బరిపీచు మండలికి వెబ్‌సైట్ ఉందని తెలిసిన రోజు నుంచి, తీరప్రాంత జీడిమామిడి అభివృద్ధి మండలి కార్యదర్శి త్రివిక్రమరావు గారికి అన్నం సయించడం మానేసింది. పీచుకే ఉన్నప్పుడు పప్పుకు ఎందుకుండకూడదని ఆయన వాదం. వాదంలో న్యాయం ఉంది కాబట్టి మండలి తీర్మానం చేసింది. విశాఖపట్నంలో ఒక కంపెనీ వెబ్‌సైట్ తయారు చేసింది. దానికొక పేరు కూడా రిజిస్టరయింది. ఇక తెరవడమే తరువాయి అనుకుంటుండగా ఆ కంపెనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది.

ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. అవి తెలుగు అమలు పక్షోత్సవాల రోజులు. ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టే సాహసం ఎవరూ చేయలేక దాన్ని అనువాద విభాగానికి పంపారు. అనువాద విభాగమంటే ఒక బల్ల, అట్టలూడిన ఒక నిఘంటువు, ఒక పెద్దమనిషి. మూడు రోజుల తరువాత ఉత్తరం ఈ రూపంలో తిరిగొచ్చింది.

"మీ వెబ్‌సైట్ పేరునకు కనీసం ఇద్దరు నేమ్ సర్వర్లు ఉండవలెను. ఒకరు ప్రాథమిక, ఒకరు మాధ్యమిక. వారి పేర్లను రికార్డునందు నమోదు చేయవలెను. లేనియెడల మీ వెబ్‌సైట్ ఎవరికీ కనిపించదు. రికార్డు జీవించు కాలము ఎనభై ఆరు వేల నాలుగు వందల సెకనులు. నమోదైన పిమ్మట లోకమంతటా వ్యాపించుటకు నలుబది ఎనిమిది గంటలు పట్టును."

ఇంగ్లీషులో మనిషికైనా మరచెంబుకైనా ఒకటే అంకె. తెలుగులో అలా కుదరదు. రెండు అంటే వస్తువులు, ఇద్దరు అంటే మనుషులు. అనువాదకుడికి ఈ సర్వర్లు ఏ జాతివో తెలియలేదు. ఎవరినో వస్తువు కింద జమకట్టి అవమానించడమెందుకని మర్యాదగా ఇద్దరు అని రాశాడు. ఈ కథలో జరిగిందంతా ఆ మర్యాద వల్లే జరిగింది.

సూపరింటెండెంటు పరాంకుశం గారు ఉత్తరం చదివారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ ఫైలూ తనకు అర్థం కాలేదని ఆయన ఒప్పుకున్నది లేదు. సర్వర్ అనే మాటకు అర్థం అడగవలసిన పని కూడా ఆయనకు కనిపించలేదు. రోజుకు నాలుగుసార్లు ఆ మాటను తానే వరండాలోకి కేకేస్తారు. కేకేస్తే కొండలు వస్తాడు.

పైల కొండలు ఆ ఆఫీసు క్యాంటీన్‌లో ఇరవై ఒక్క ఏళ్లుగా సర్వరు. టీలు, ఉప్మా, మధ్యాహ్నం పులిహోర అందిస్తాడు. అతనికి జీతం లేని ఇంకో ఉద్యోగం కూడా ఉంది. ఆ ఆఫీసు ఒకప్పటి జీడిగింజల గోదాము. అందులో పంతొమ్మిది సెక్షన్లు. ఏటా రెండుసార్లు గదులు మారతాయి, బోర్డులు మాత్రం మారవు. మొక్కల పంపిణీ అని బోర్డున్న గదిలో పెన్షన్ల సెక్షను ఉంటుంది. పెన్షన్లు అని బోర్డున్న తలుపు తీస్తే మరుగుదొడ్డి. అందుచేత పనిమీద వచ్చిన వాళ్లెవరూ బోర్డులు చదవరు. తిన్నగా క్యాంటీన్‌కు వచ్చి ఫలానా సెక్షను ఎక్కడని అడుగుతారు, కొండలు చెబుతాడు.

ఇంత చేసినా కొండలు ఆ ఆఫీసులో లేనట్టే లెక్క. ఎందుకంటే అతనికి ఎస్సార్ లేదు. ఎస్సార్ అంటే సర్వీసు రిజిస్టరు. మనిషి పుట్టిన తేదీ, ఎత్తు, పుట్టుమచ్చలు, చేరిన రోజు, పదవీ విరమణ రోజు అన్నీ రాసి ఉండే ఎర్ర అట్ట పుస్తకం. అది ఉన్నవాడే పర్మనెంటు అవుతాడు. లేనివాడు ఇరవై ఒక్క ఏళ్లున్నా రేపటి సంగతి తెలియనివాడు. కొండలు ఎవరి బల్ల మీదైనా ఆ పుస్తకం కనిపిస్తే టీ గ్లాసు నాలుగు అంగుళాలు దూరంగా పెట్టేవాడు, మరక పడుతుందేమోనని. తనకూ ఒకటుంటే బాగుండునని అతని ఆశ. అంతకు మించి దేవుణ్ని అతను ఏమీ అడగలేదు.

"నీ పేరు?" అన్నారు పరాంకుశం గారు, ఇరవై ఒక్క ఏళ్లుగా తెలిసిన మనిషిని.

"కొండలు బాబూ."

"నీవు సర్వరువే కదా?"

"ఆఁ. నానేటి సేసినాను బాబూ?"

"పేరు కలదు, సర్వరుగా పనియు చేయుచున్నాడు. కనుక నేమ్ సర్వర్," అని నోట్ ఫైలులో రాసుకున్నారు. "చదువు?"

"అయిదో తరగతి."

పరాంకుశం గారి ముఖం వికసించింది. "ప్రాథమిక పాఠశాల. అనగా ప్రాథమిక నేమ్ సర్వర్. ఉత్తరములో అడిగినది సరిగ్గా ఇదే. మాధ్యమికము వరకు చదివిన వారెవరైనా ఉన్నారా?"

"మా సింహాలుంది బాబూ. టెంత్ పాసయింది."

గొర్లె సింహాలు అదే క్యాంటీన్‌లో అట్లు పోస్తుంది, రద్దీగా ఉంటే వడ్డిస్తుంది. పన్నెండేళ్ల సర్వీసు, తనకూ ఎస్సార్ లేదు. కానీ టెంత్ సర్టిఫికెట్‌ను ప్లాస్టిక్ కవరులో పెట్టి పప్పుడబ్బా వెనక భద్రంగా దాచుకుంది. ఎందుకని అడిగితే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అడుగుతారని చెప్పేది. ఆ రోజు అడిగారు.

"రికార్డునందు నమోదు చేయవలెనన్నారు కనుక, రికార్డు లేనిచో ముందు రికార్డు తెరవవలెను," అని కార్యదర్శి గారు ఉత్తర్వు ఇచ్చారు. "ముందు ప్రాథమిక. తదుపరి, వీలును బట్టి, మాధ్యమిక."

అలా కొండలు పేరు మీద ఎర్ర అట్ట పుస్తకం తెరుచుకుంది. ఫోటో అంటించారు. కొండలు ఆ పేజీని చూసి, చేతులు తుడుచుకుని మళ్లీ చూశాడు. సింహాలు దగ్గరకు వెళ్లి, "నా పేరు సిరాతో రాసినారే," అన్నాడు. సింహాలు పెనం మీద అట్టు మాడిపోతున్నా అలా నిలబడి నవ్వింది.

మిగతా నిబంధనలూ వదలలేదు. ఎనభై ఆరు వేల నాలుగు వందల సెకన్లంటే ఎంతని గణాంకాల సెక్షను రెండు రోజులు కూర్చుని లెక్క వేస్తే సరిగ్గా ఒక రోజని తేలింది. అంటే నేమ్ సర్వరు ఒక్కరోజే జీవిస్తాడు. కాబట్టి ఇంకా బతికే ఉన్నాడని ప్రతిరోజూ పదిగంటలకు గెజిటెడ్ అధికారి సంతకంతో ధ్రువపత్రం తేవాలని మెమో జారీ అయింది. ఆ వీధిలో వేళకు దొరికే గెజిటెడ్ అధికారి ఎదురింటి పశువుల డాక్టరు ఒక్కడే. ఆయన అలవాటు కొద్దీ రోజూ కొండలును నోరు తెరవమని పళ్లు చూసి, మూపు మీద రెండు దెబ్బలు చరిచి, "ఆరోగ్యంగా ఉంది" అని రాసి ఇచ్చేవాడు.

ఇక వ్యాపించుట అనే మాట చూడగానే కార్యదర్శి గారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. లోకమంతటా వ్యాపించే దాన్ని ఆఫీసులో ఎలా తిరగనిస్తారు? నలభై ఎనిమిది గంటలపాటు కొండలును, సింహాలును సైకిళ్ల షెడ్డులో ఉంచి, చుట్టూ సున్నం చల్లించారు. అయినా టీ మానుకోలేరు కాబట్టి పొడుగాటి వెదురు కర్ర చివర ట్రే కట్టి కిటికీల్లోంచి అందించమన్నారు. మూడో రోజున ఇద్దరికీ పరీక్షలు చేయించి లోపలికి రానిచ్చారు.

"వ్యాపించినదా?" అని అడిగారు పరాంకుశం గారు.

"ఏటోనండి, తుమ్ములయితే నేవు," అంది సింహాలు.

వివరాలన్నీ ఫోటోలతో, వేలిముద్రలతో రిజిస్టర్డు పోస్టులో కంపెనీకి వెళ్లాయి. వెబ్‌సైట్ మాత్రం తెరుచుకోలేదు. వారం తిరక్కముందే కంపెనీ నుంచి నౌషీన్ అనే ఇంజనీరు బస్సు దిగి వచ్చింది. గేటు దాటగానే బోర్డు చూసి ఒక తలుపు తీసి, గబుక్కున మూసేసి, క్యాంటీన్‌కు వచ్చింది.

"కార్యదర్శి గారి గది ఎక్కడండీ?"

"మేడమీద ఎడం పక్క మూడోదమ్మా. డ్రైవర్ల విశ్రాంతి గదని బోర్డుంటాది. ఆ బోర్డు సూసి ఎనక్కి రాకండి, అదే," అన్నాడు కొండలు.

సమావేశం పెట్టారు. కొండలు టీలు తెచ్చాడు. నౌషీన్ చేతిలో మండలి పంపిన ఫారం ఉంది. ప్రాథమిక నేమ్ సర్వర్ అన్నచోట పైల కొండలు, పక్కన అతని ఎడమచేతి బొటనవేలి ముద్ర.

"సార్, నేమ్ సర్వర్ అంటే మనిషి కాదు. మా దగ్గరుండే కంప్యూటరు," అంది. "ఎవరైనా మీ వెబ్‌సైట్ పేరు కొడతారు. ఆ పేరు గల సైటు ఏ మిషన్‌లో ఉందో వాళ్లకు తెలియదు కదా. అది నేమ్ సర్వర్ చెబుతుంది. ఒకటి పాడైతే ఇంకోటి చెప్పాలని రెండు పెడతాం. రెండూ చెప్పకపోతే సైటు ఉన్నా లేనట్టే."

అధికారులు ఫైలులోకి చూశారు. కొండలు మాత్రం ట్రే పట్టుకుని తల ఊపాడు.

"అంటే అమ్మా, కొత్తోల్లొచ్చి పెన్షన్ సెక్షనెక్కడని అడిగితే నాను సెప్తానే, అలగన్నమాట. నాను సెలవెట్టినప్పుడు సింహాలు సెప్తాది."

నౌషీన్ టీ గ్లాసు కింద పెట్టింది. "సరిగ్గా అదే కొండలు గారూ. నేను కాలేజీలో ఒక సెమిస్టరంతా చదివి అర్థం చేసుకున్నది మీరు ఒక్క ముక్కలో చెప్పారు."

కొండలును ఆ ఆఫీసులో అంతవరకూ గారు అని ఎవరూ పిలవలేదు. అతను వెనక్కి తిరిగి, ఇంకెవరైనా వచ్చారేమోనని చూశాడు.

కార్యదర్శి గారి బాధ వేరు. "అమ్మా, మీరు చెప్పునది యథార్థమే కావచ్చును. కానీ ఉత్తర్వు జారీ అయినది. పదిహేను కార్యాలయములకు నకళ్లు వెళ్లినవి. ఇప్పుడు ఫైలు తప్పు అనుటకు వీలుపడదు. ఫైలుకు అనుగుణముగా వాస్తవమును సవరింపవలెను. మీ కంప్యూటర్ల పేర్లేమి?"

"ఎన్నెస్ వన్, ఎన్నెస్ టూ."

"అటులైన సులభము. కొండలు తన పేరును ఎన్నెస్ వన్ అని గెజిట్‌లో మార్పించుకొనును."

కొండలు ట్రే బల్ల మీద పెట్టేశాడు. ఒక చేత్తో ఎస్సార్ ఇచ్చి ఇంకో చేత్తో పేరు లాక్కుంటున్నారని కొండలుకు అప్పుడు అర్థమయింది. "మాయమ్మ అప్పన్న కొండ మెట్లన్నీ మోకాళ్లమీద ఎక్కి మొక్కుకుంటే పుట్టినాను బాబూ. అందుకని కొండలని ఎట్టింది. ఆ పేరొగ్గీమంటే ఎలాగ?"

"పేరు ముఖ్యమా, పర్మనెంటు ముఖ్యమా?" అన్నారు పరాంకుశం గారు.

కొండలుకు రెండూ ముఖ్యమే. అతని ముఖం చూసి నౌషీనే అందుకుంది. "ఆగండి సార్. మనిషి పేరు మార్చక్కర్లేదు. మిషన్‌కు మనకిష్టమైన పేరు పెట్టుకోవచ్చు. మొదటిదానికి కొండలు అని, రెండోదానికి సింహాలు అని పెట్టేస్తాను. మీ ఫైలు మీకుంటుంది, నా సైటు నాకు తెరుచుకుంటుంది."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రెండు రోజుల తరువాత, ఈసారి సున్నం చల్లకుండానే, వెబ్‌సైట్ లోకమంతటికీ కనిపించింది. మొదటి పేజీలో జీడిపండు బొమ్మ, దానికంటే పెద్దగా కార్యదర్శి గారి బొమ్మ. కొబ్బరిపీచు మండలికి కబురు పంపించి మరీ చూపించారు. కొండలు ఆ రోజు అందరికీ రెండో టీ కూడా ఇచ్చాడు.

ఆరు నెలలు గడిచాయి. ఎస్సార్ తెరిచిన వాళ్లు ఆరు నెలలు ఒక్కరోజూ మానకుండా పనిచేస్తే పర్మనెంటు చేయాలని రూలు. మిషన్ల పనితీరు మీద కంపెనీ నుంచి నెలనెలా నివేదిక వస్తుంది. "కొండలు, నూటికి నూరు శాతం హాజరు" అని అందులో ఉంటుంది. పరాంకుశం గారు దాన్ని ఎస్సార్‌లో ఎక్కించబోతూ పెన్ను ఆపారు. మొన్న అప్పన్న చందనోత్సవానికి కొండలు రెండు రోజులు సెలవు పెట్టాడు. ఆ రెండు రోజులూ కొండలు హాజరయినట్టే నివేదికలో ఉంది.

దీని మీద ఏకసభ్య సంఘం వేశారు. ఆ ఏకసభ్యుడు పరాంకుశం గారే. ఆయన తనను తాను రెండు వాయిదాలు అడిగి, రెండూ మంజూరు చేసుకుని, చివరకు కొండలును పిలిపించి తీర్పు చదివారు.

"రికార్డునందు నమోదైన కొండలు, సెలవు పెట్టని కొండలే. అతడు విశాఖపట్నములో ఉన్న కొండలు. కనుక సదరు సర్వీసు రిజిస్టరు యంత్రమునకు చెందును. యంత్రమును పర్మనెంటు చేయడమైనది. ఒకే పేరుతో ఇద్దరుండుట ద్వంద్వ నమోదు కిందకు వచ్చును. కావున నీవు ఇకపై పేరు లేకుండ పనిచేయవచ్చును. మండలికి అభ్యంతరము లేదు."

ఎస్సార్ తెరిచి చూపించారు. కొండలు ఫోటో మీద ఒక నల్ల పెట్టె ఫోటో అంటించి ఉంది. ఎత్తు, రెండు అంగుళాలు. పుట్టుమచ్చలు, ముందువైపు వెలిగి ఆరుచున్న ఆకుపచ్చ దీపము. పదవీ విరమణ తేదీ దగ్గర మాత్రం ఏం రాయాలో తోచక ఖాళీ వదిలారు.

కొండలుకు ఏడుపొచ్చింది. ఇరవై ఒక్క ఏళ్లలో ఆ ఆఫీసులో ఎవరి ముందూ ఏడవని మనిషి మెట్లు దిగుతూ కళ్లు తుడుచుకున్నాడు. క్యాంటీన్‌కు వచ్చి ట్రే బోర్లించి, బెంచీ మీద కూర్చున్నాడు. సింహాలు అంతా విని స్టవ్వు కట్టేసింది. పప్పుడబ్బా వెనక నుంచి టెంత్ సర్టిఫికెట్ తీసుకుని వచ్చి పక్కన కూర్చుంది.

పావుగంటకు మేడమీద నుంచి కేక వినిపించింది. "సర్వర్!"

కొండలు కదల్లేదు. ఇంకో కేక, ఆ తరువాత మూడు కేకలు కలిసి. చివరికి పరాంకుశం గారే కిందికి వచ్చారు.

"టీ ఏది?"

"సర్వర్ డౌనయింది బాబూ," అన్నాడు కొండలు.

"ఎప్పుడు వచ్చును?"

"తెల్దు బాబూ. రేపు రండి."

ఆ మాట తన నోటితో పదివేల సార్లు జనానికి చెప్పిన మనిషి కాబట్టి, పరాంకుశం గారు అది సబబే అనుకున్నారు. అలవాటు ప్రకారం తల ఊపి నాలుగడుగులు వెనక్కి కూడా వేశారు.

అదే రోజు రాజధాని నుంచి ప్రత్యేక కమిషనరు గారు తనిఖీకి వచ్చారు. కారు దిగి, కార్యదర్శి అని బోర్డున్న గదిలోకి వెళ్తే అక్కడ విరిగిన కుర్చీలున్నాయి. తనిఖీ అధికారుల విశ్రాంతి గది అన్న చోట పిచ్చుకలు గూళ్లు కట్టుకున్నాయి. మొక్కల గదిలో పెన్షనర్లు ఆయన్ను చూసి, కొత్తగా రిటైరయ్యాడనుకుని, జరిగి చోటిచ్చారు. పెన్షన్ల గది తలుపు తీసి ముక్కు మూసుకుని బయటపడ్డారు. అప్పటికే మొక్కల కోసం వచ్చిన రైతులు కొందరు వరండాల్లో ప్రదక్షిణలు చేస్తున్నారు. కమిషనరు గారు వాళ్ల వెనకే రెండు చుట్లు తిరిగి, చెమటలు కక్కుతూ, వాళ్లతో పాటే క్యాంటీన్‌కు చేరారు.

"కార్యదర్శి గది ఎక్కడయ్యా?"

"సర్వర్ డౌన్ బాబూ. సెప్పడానికవదు."

"అలాగా," అని కమిషనరు గారు బెంచీ చివర కూర్చున్నారు. ప్రభుత్వంలో ఆ కారణాన్ని కాదన్నవాడు ఇంతవరకూ లేడు.

గంట గడిచింది. మేడమీద కార్యదర్శి గారు పూలదండ పట్టుకుని కమిషనరు కోసం చూసిచూసి, ఫోను చేసి, క్యాంటీన్‌లో ఉన్నారని తెలిసి పరుగెత్తుకొచ్చారు. వెనక పరాంకుశం గారు. మీ మండలి కంటికి కనిపించదేమిటని, ఉన్నా లేనట్టే ఉందేమిటని కమిషనరు గారు రైతులందరి ముందూ గట్టిగా అడిగారు.

"సార్, వెబ్‌సైట్ చక్కగా పనిచేయుచున్నది," అన్నారు కార్యదర్శి గారు. "విశాఖపట్నములో మా కొండలు నూటికి నూరు శాతము..."

"అయితే ఆ కొండలునే టీ తెమ్మనండి," అన్నారు కమిషనరు గారు. "ఇక్కడ నాకు దారి చెప్పేవాడెవడు?"

రైతులు, పెన్షనర్లు అందరూ బెంచీ మీది మనిషిని చూపించారు.

ఇరవై నిమిషాల్లో సరికొత్త ఎర్ర అట్ట పుస్తకం కిందికి వచ్చింది. ఆ ఆఫీసులో అంత వేగంగా కదిలిన కాగితం అంతకుముందు లేదు. పేరు పైల కొండలు. ఎత్తు అయిదడుగుల మూడు అంగుళాలు. పుట్టుమచ్చ ఎడమ చెంప మీద. కార్యదర్శి గారు అక్కడికక్కడే పర్మనెంటు అని రాసి సంతకం పెట్టారు, కమిషనరు గారు సాక్షి సంతకం పెట్టారు. కొండలు ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు. పుస్తకం మూసి, బెంచీ మీద ట్రేకు దూరంగా పెట్టాడు.

"మరి లేవండి కొండలు గారూ," అన్నారు పరాంకుశం గారు, చాలా మెత్తగా.

కొండలు లేవలేదు. పక్కన సింహాలు టెంత్ సర్టిఫికెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఆ ఉత్తరం ఓపాలి తీసి సూడండి బాబూ. కనీసం ఎందరుండాలని రాసున్నాది?"

పరాంకుశం గారు జేబులోంచి ఉత్తరం తీసి, కళ్లజోడు సవరించుకుని చదివారు. ఇద్దరు అనే ఉంది. ఆయన మరో మాట లేకుండా రెండో పుస్తకం కోసం మేడ ఎక్కారు.